వ్యక్తిత్వ రుగ్మత: పుడకలదాకా ఆగనక్కరలేదు

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల క్రితం మీ ఆదివారం అనుబంధంలో వ్యక్తిత్వ రుగ్మతల గురించి వచ్చిన వ్యాసాన్ని ఒకటికి రెండుసార్లు చదివాను. పర్సనాలిటీ డిజార్డర్ (మనిషి ఆలోచించే తీరు, ఇతరులతో మెలిగే తీరే తనకూ చుట్టూ ఉన్నవారికీ బాధగా మారే మానసిక రుగ్మత) అన్న మాటను తిట్టుగా వాడకుండా వైద్యుల అర్థంలో వాడి, దానికొక పూర్తి పేజీ కేటాయించినందుకు ముందుగా కృతజ్ఞతలు. అయితే ఆ వ్యాసం చివర్లో, ఈ రుగ్మతలు యౌవనంలో బయటపడి జీవితాంతం మారకుండా కొనసాగుతాయన్న అర్థంలో ఒక వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యం గురించే ఈ ఉత్తరం. అది సరైనది కాదని చెప్పడానికి గట్టి ఆధారాలున్నాయి. పైగా అలాంటి మనిషి ఉన్న ఇంట్లో ఆదివారం పొద్దున ఎవరో ఒకరు ఆ వాక్యం పైకి చదివితే, ఆ మాట పక్కగదిలో ఉన్న మనిషి చెవిన పడితే, ఆ రోజంతా ఆ ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు. మాది అలాంటి ఇల్లే.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్ఫై మూడేళ్ళు జీవశాస్త్రం చెప్పి రిటైరైన ఉపాధ్యాయురాలిని. నాకంటే పదేళ్ళు చిన్నదైన మా చెల్లెలికి 1997లో, ఆమె ఇరవై మూడో ఏట, బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అని వైద్యులు నిర్ధారించారు. ఇప్పుడామెకు యాభై దాటింది. ఆమె అనుమతి తీసుకుని, పేరూ ఊరూ లేకుండా రాస్తున్నాను. ఈ రుగ్మత ఎలా ఉంటుందో తెలియనివారికి క్లుప్తంగా చెప్పాలంటే, మామూలు మాట కూడా వాత పెట్టినట్టు తగులుతుంది. పొద్దున దేవతలా కనిపించిన మనిషి సాయంత్రానికి పగవాడైపోతాడు. ఇంట్లోవాళ్ళు గుమ్మం దాటితే ఇక తిరిగి రారేమోనన్న భయం పుడుతుంది. లోపల ఏమీ లేదన్న ఖాళీ ఒకటి పీకుతూ ఉంటుంది. అది భరించలేనప్పుడు తన చేతిని తానే గాయపరచుకుంటుంది. ఇదంతా నాటకమని చుట్టుపక్కలవాళ్ళు అనుకుంటారు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను, దానికి ఇప్పటికీ బాధపడుతున్నాను.

మా అమ్మ 2016లో పోయింది. ఆ తర్వాత అటక సర్దుతుంటే పురికొసతో కట్టిన గోడ కాలెండర్ల చుట్ట ఒకటి దొరికింది. అమ్మ పాల లెక్క కాలెండరు మీదే రాసుకునేది. అరలీటరు పోయించుకుంటే ఒక గీత, లీటరైతే రెండు. ఆ గీతల పక్కన కొన్ని తేదీల మీద ఎర్ర సిరాతో చిన్న ఇంటూ గుర్తులున్నాయి. అవేమిటో మొదట అర్థం కాలేదు. ఒక ఇంటూ మీద చేయి పెట్టి తేదీ చూస్తే, చెల్లెల్ని రాత్రికి రాత్రి ఆస్పత్రికి ఎత్తుకెళ్ళిన రోజది. అమ్మ ఎవరికీ చెప్పకుండా, డాక్టరు అడగకుండా, కూతురికి బాగాలేని రోజులన్నీ పందొమ్మిదేళ్ళు గుర్తుపెట్టింది. ఆ కాలెండర్లన్నీ హాల్లో నేలమీద వరసగా పరిచి కూర్చున్నాను. 1998 నాటి నెలల్లో పాల గీతల కంటే ఎర్ర గుర్తులే ముందు కంటికి కనిపిస్తున్నాయి. 2002, 2003 కాలెండర్లలో వారానికొకటి చొప్పున ఉన్నాయి. 2007 తర్వాత నెలకు నెల ఖాళీగా ఉన్నవి కనిపించాయి. చివరి నాలుగైదు కాలెండర్లలో పాల లెక్క తప్ప మరేమీ లేదు.

మేము ఆ ఇంట్లోనే ఉండి కూడా ఆ తగ్గుదలను గమనించలేదు. ఎందుకు గమనించలేదో తర్వాత ఆలోచించాను. తగ్గదని మాకు ముందే చెప్పేశారు. మొదట చూపించిన ప్రైవేటు ఆస్పత్రిలో ఒక పెద్ద డాక్టరుగారు అమ్మతో "ఇది జబ్బు కాదమ్మా, గుణం. జబ్బుకు మందుంటుంది గానీ గుణానికి ఉండదు" అన్నారు. అమ్మ ఆ మాటను మనసులో పెట్టుకుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదన్న సామెత తెలియని తెలుగువాళ్ళు ఉండరు కనుక, డాక్టరు చెప్పిందీ సామెత చెప్పేదీ ఒకటే అయ్యేసరికి ఇక ఎదురు ప్రశ్న లేకపోయింది. ఈ సామెత మనకు మాత్రమే ఉన్న అపోహ అని నేననను. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1890లోనే, ముప్ఫై ఏళ్ళు వచ్చేసరికి మనిషి స్వభావం సున్నంలా గట్టిపడిపోతుందని రాశాడు. 1980లో అమెరికన్ సైకియాట్రిస్టుల సంఘం రోగ నిర్ధారణ గ్రంథాన్ని కొత్తగా కూర్చినప్పుడు వ్యక్తిత్వ రుగ్మతలను డిప్రెషన్ వంటి జబ్బుల నుంచి విడదీసి వేరే వరసలో పెట్టింది. జబ్బులు వస్తాయి పోతాయి, వ్యక్తిత్వం మాత్రం ఉండిపోతుందన్న ఊహ ఆ విభజనకు బలమిచ్చింది. ఆ విభజనను 2013లో అదే సంఘం తీసేసింది. మీ వ్యాసకర్త రాసిన వాక్యానికి మూలం ఆ పాత ఊహే అయి ఉంటుంది, ఆయన తప్పు పెద్దగా లేదు.

అది ఊహ అని ఎలా తెలిసిందంటే, కొందరు ఓపిక పట్టి రోగులను దశాబ్దాల తరబడి వెంట ఉండి చూశారు కనుక. ఇందులో అన్నిటికంటే నన్ను కదిలించింది అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో మెక్‌లీన్ ఆస్పత్రి చేసిన అధ్యయనం. మేరీ జానరీని అనే శాస్త్రవేత్త 1992లో దానిని మొదలుపెట్టారు. ఆస్పత్రిలో చేరవలసి వచ్చినంత తీవ్రంగా బోర్డర్‌లైన్ రుగ్మత ఉన్న 290 మందిని తీసుకుని, రెండేళ్ళకొకసారి మళ్ళీ కలిసి, అవే ప్రశ్నలు అడుగుతూ వచ్చారు. పదేళ్ళు గడిచేసరికి వారిలో నూటికి 93 మంది, కనీసం రెండేళ్ళపాటు రుగ్మత నిర్ధారణకు సరిపడే లక్షణాలు లేకుండా గడిపిన స్థితికి చేరుకున్నారు. పదహారేళ్ళకు అది నూటికి 99 అయింది. అమెరికాలోనే మరికొన్ని కేంద్రాలు కలిసి చేసిన ఇంకో అధ్యయనంలో పదేళ్ళకు నూటికి 85 మంది ఏడాది లేదా అంతకు మించి లక్షణాలు తగ్గి ఉన్నారు, తగ్గినవారిలో రుగ్మత తిరగబెట్టింది నూటికి పన్నెండు మందికే. కెనడాలోని మాంట్రియల్‌లో జోయెల్ పారిస్ అనే వైద్యుడు ఇరవై ఏడేళ్ళ తర్వాత తన పాత రోగులలో 64 మందిని వెతికి పట్టుకుని చూస్తే, సగటున యాభై ఏళ్ళ వయసున్న ఆ 64 మందిలో ఇంకా ఆ రుగ్మత ఉందని చెప్పదగినవారు ఐదుగురే మిగిలారు.

పాతికేళ్ళ కిందట మా అమ్మకు ఎవరైనా ఇందులో ఒక్క అంకె చెప్పి ఉంటే ఆమె కాలెండరు మీద గుర్తులు పెట్టిన చేయి మరోలా ఉండేది. అప్పటికి ఈ ఫలితాలలో చాలావరకు ఇంకా రాలేదు, నిజమే. ఇప్పుడు వచ్చాయి కదా. ఇప్పుడు కూడా పాత మాటే అచ్చవుతుంటే ఊరుకోలేక రాస్తున్నాను.

అయితే ఈ అంకెలను చూపించి అంతా దానంతటదే సర్దుకుంటుందని చెప్తే అది ఇంకో అబద్ధమవుతుంది. ఈ ఉత్తరం చిత్తుప్రతిని చెల్లెలికి చదివి వినిపించినప్పుడు ఆమె నన్ను ఆపిందీ ఇక్కడే. "కోపం పోయిందని రాయకు అక్కా. చెయ్యి ఆగింది, కోపం ఆగలేదు" అంది. జానరీని బృందం చెప్పిందీ అదే. ఈ రుగ్మతలో లక్షణాలు రెండు తీరులవి. తనను తాను గాయపరచుకోవడం, ఆత్మహత్యా ప్రయత్నాలు వంటి ఉధృతమైన లక్షణాలు ముందుగా, త్వరగా తగ్గుతాయి. కోపం, ఒంటరిగా వదిలేస్తారన్న భయం వంటివి స్వభావంలోకి ఇంకినవి, అవి చాలా నెమ్మదిగా తగ్గుతాయి, కొన్ని కొంతమేర మిగిలిపోతాయి. మా చెల్లెలు ఇప్పటికీ నేను చెప్పిన టైముకి ఫోను చేయకపోతే పదిహేను నిమిషాలు గదిలో అటూ ఇటూ తిరుగుతుంది. ఒకప్పుడు ఆ పదిహేను నిమిషాల చివర ఒక ఎర్ర గుర్తు ఉండేది. ఇప్పుడు ఆ సమయంలో చీర ఫాల్ విప్పి మళ్ళీ కుడుతుంది.

ఇంతకంటే బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. లక్షణాలు తగ్గడం వేరు, బతుకు నిలబడడం వేరు. మెక్‌లీన్ అధ్యయనంలో పదహారేళ్ళకు లక్షణాలు దాదాపు అందరికీ తగ్గినా, వాటితో పాటు ఒక మంచి స్నేహమో దాంపత్యమో, క్రమం తప్పని ఉద్యోగమో చదువో కూడా రెండేళ్ళపాటు నిలుపుకోగలిగినవారు నూటికి అరవై మందే. అంటే నూటికి నలభై మంది గాయాలు మానినా ఖాళీగా మిగిలారు. ఇరవై నాలుగేళ్ళ లెక్క చూస్తే ఆత్మహత్య వల్ల పోయినవారు నూటికి ఆరుగురు, ఇతర జబ్బులవల్లా ప్రమాదాలవల్లా పోయినవారు నూటికి పద్నాలుగు మంది. అలా ముందుగా పోయినవారిలో ఎక్కువమంది కోలుకోనివారే. వైద్యం అంటే రాత్రిపూట ప్రాణం కాపాడడం మాత్రమే అనుకుని, పగటిపూట చేయడానికి ఒక పని, కూర్చుని మాట్లాడడానికి ఒక మనిషి కూడా వైద్యంలో భాగమేనని మనం గుర్తించనంతకాలం ఆ నూటికి నలభై మంది అలాగే ఉంటారు.

మా ఇంట్లో కుట్టుమిషను 2004లో వచ్చింది. చెల్లెలికి పని నేర్పించాలని కొన్నది కాదు, నాన్న పోయాక ఖర్చులకని అమ్మ కొనుక్కుంది. చెల్లెలు అప్పటికి డిగ్రీ మధ్యలో వదిలేసింది, ఒక స్కూల్లో మూడు నెలలు, ఒక కొట్లో నెలన్నర పనిచేసి మానేసింది. ఎదురుగా మనిషి కూర్చుంటే ఆ మనిషి ముఖంలో విసుగు కనబడుతుందేమోనని వెతుక్కునే స్వభావానికి, చీర ఎదురుగా ఉండడం తేలికైంది. మొదట ఫాల్స్, తర్వాత జిగ్‌జాగ్, ఆ తర్వాత బ్లౌజులు. ఒక్కో బ్లౌజుకు కొలతల కాగితం ఉంటుంది, ఇవ్వవలసిన తేదీ ఉంటుంది, డబ్బు ఉంటుంది. శ్రావణమాసం వచ్చిందంటే రాత్రి పదింటిదాకా మిషను చప్పుడే. అమ్మ కాలెండర్లలో ఎర్ర గుర్తులు పలచబడిన కాలం, ఈ మిషను నిలదొక్కుకున్న కాలం ఒకటే. మిషనువల్లే తగ్గిందని నేను వాదించను. వయసు పెరిగింది, మంచి సైకాలజిస్టు ఒకరు దొరికారు, మేమూ మాట్లాడే తీరు మార్చుకున్నాం. కానీ తగ్గిన తర్వాత ఆమె నిలబడడానికి కాళ్ళ కింద ఆ మిషను ఉంది, అంతమాత్రం చెప్పగలను.

వయసుతో ఎందుకు తగ్గుతుందన్న ప్రశ్న జీవశాస్త్రం చెప్పినదాన్ని గనుక నన్ను చాలాకాలం వేధించింది. ఒక్క కారణం లేదు. ఆవేశాన్ని అదుపు చేసే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై ఐదేళ్ళ దాకా పడుతుంది. రుగ్మత లేని సాధారణ మనుషుల్లో కూడా ఇరవై నుంచి నలభై ఏళ్ళ మధ్య నిలకడ, బాధ్యత, మనసు కుదుటపడడం పెరుగుతాయని 92 అధ్యయనాలను కలిపి చూసి 2006లో పరిశోధకులు తేల్చారు. విలియం జేమ్స్ గట్టిపడిపోతుందన్న వయసులోనే అసలు మార్పు ఎక్కువగా జరుగుతోందన్నమాట. దానికి తోడు మనుషులు అనుభవంతో నేర్చుకుంటారు. తమను మంటలోకి లాగే బంధాలేవో, ఊపిరి పీల్చుకోనిచ్చే బంధాలేవో గుర్తుపడతారు. కొందరు గాఢమైన ప్రేమల జోలికి పోకుండా, దూరపు పిన్ని కూతురో, గుడి దగ్గర పూలమ్మే ఆమో, అటువంటి తేలికపాటి స్నేహాలతో బతుకు సర్దుకుంటారు. మన కంటికి అది ఓటమిలా కనిపించవచ్చు గానీ, వారికది ఎంతో కష్టపడి సంపాదించుకున్న ప్రశాంతత.

చికిత్స పాత్ర తక్కువేమీ కాదు. డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అనే పద్ధతిని రూపొందించిన మార్షా లినెహాన్ గురించి మీ పాఠకులు తెలుసుకోవాలి. అమెరికాలోని సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా పనిచేసిన ఆమె, తాను కూడా పదిహేడేళ్ళ వయసులో, 1961లో, కనెటికట్‌లోని ఒక మానసిక చికిత్సాలయంలో చేరిన రోగినేనని, తనను తాను గాయపరచుకునేదాన్నని 2011లో బహిరంగంగా చెప్పారు. అప్పటికి ఆమె వయసు అరవై ఎనిమిది. ఏ లక్షణాలు చూసి పదిహేడేళ్ళ పిల్లను గదిలో ఒంటరిగా బంధించారో, ఆ లక్షణాలకే ఆమె పెద్దయ్యాక ప్రపంచమంతా వాడే చికిత్సను తయారుచేశారు. ఈ పద్ధతిలో ఉద్వేగం ముంచుకొచ్చిన ఆ పది నిమిషాలను ఎలా దాటాలో ఈత నేర్పినట్టు మెట్టుమెట్టుగా నేర్పుతారు. మందుల విషయానికొస్తే, ఈ రుగ్మతకంటూ ప్రత్యేకమైన మందు ఇంతవరకు లేదు. తోడుగా ఉన్న డిప్రెషన్‌కో నిద్రలేమికో మందులు ఇస్తారు. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు 2009లోనే ఈ సంగతి స్పష్టంగా చెప్పాయి. మన దగ్గర మాత్రం మాటల చికిత్సకు మనిషి దొరకక, దొరికిన మందులే చీటీలో పెరుగుతూ పోతాయి. మా చెల్లెలు ఒక దశలో రోజుకు తొమ్మిది మాత్రలు మింగేది.

ఇంతవరకు నేను మాట్లాడింది మా ఇంటికి తెలిసిన ఒక్క రుగ్మత గురించి. మిగతావన్నీ ఇదే దారిలో నడవవు. న్యూజిలాండ్‌లోని డునెడిన్ ఊళ్ళో 1972, 73 సంవత్సరాలలో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లలను ఇప్పటికీ గమనిస్తున్నారు. దౌర్జన్యం, చట్టాన్ని లెక్కచేయని తనం ఎక్కువమందిలో కౌమారంలో వచ్చి దాంతోనే పోతాయనీ, పసితనంలోనే మొదలైన కొద్దిమందిలో మాత్రం చాలాకాలం కొనసాగుతాయనీ ఆ పరిశోధకులు చూపించారు. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో పీటర్ టైరర్ బృందం పన్నెండేళ్ళ తర్వాత చూసినదైతే మనం మరీ జాగ్రత్తగా వినాలి. ఆవేశం, ఉద్రేకం ముఖ్యంగా ఉండే స్వభావాలు వయసుతో మెత్తబడ్డాయి. అనుమానం, ముభావం, అతి జంకు, అతి పట్టుదల ఉండే స్వభావాలు వయసుతో ముదిరాయి. ఇల్లు పీకి పందిరి వేసే పిల్లవాడి గురించి మనం ఊరంతా తిరుగుతాం. ఎవరితో కలవకుండా గదిలో కూర్చునే పిల్లవాడిని బుద్ధిమంతుడంటాం. కాలం గడిచేకొద్దీ సాయం ఎక్కువ కావలసివచ్చేది ఆ రెండోవాడికి.

మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవారు. ప్రభుత్వ కార్యాలయంలో రికార్డుల గదిలో ఉద్యోగం, తలవంచుకుని వెళ్ళి తలవంచుకుని వచ్చేవారు. పాలవాడి దగ్గర నుంచి పెళ్ళి పిలుపుల దాకా మనుషులతో మాట్లాడే పని మొత్తం ఆయన భార్యే చూసుకునేది. ఆవిడ పోయిన ఏడాది నవంబరులో ఆయన పింఛను కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి కూడా గుమ్మం దాటలేకపోయారు. పింఛను ఆగింది. పిల్లలు వచ్చి చూస్తే ఇంట్లో మరమరాలు తప్ప ఏమీ లేవు. అందరూ మతిమరుపు అనుకున్నారు. పరీక్షల్లో జ్ఞాపకశక్తి బాగానే ఉంది. జీవితమంతా ఉన్న జంకును భార్య కొంగుచాటున ఎవరికీ కనపడకుండా గడిపారు, ఆ కొంగు తొలగగానే బయటపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణ పదకొండవ కూర్పులో ఈ రెండు సంగతులూ రాశారు. యౌవనంలో వ్యక్తిత్వ రుగ్మత ఉన్న మనిషికి నడివయసు వచ్చేసరికి అది లేకుండా పోవచ్చు. అంతకుముందు కనిపించనిది, ఆసరాగా ఉన్నవారు దూరమైనప్పుడు, మలివయసులో బయటపడవచ్చు. ఆ వర్గీకరణలో రుగ్మతల పాత పేర్ల జాబితా కూడా లేదు. తక్కువా, మధ్యరకమా, తీవ్రమా అన్న స్థాయిని ముందు చూడమన్నారు. స్థాయి అన్నాక పెరుగుతుంది, తగ్గుతుంది. పేరైతే అంటుకుపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేర్చాలి. యాభై, అరవై ఏళ్ళ దాకా నెమ్మదిగా ఉన్న మనిషి ఆరు నెలల్లో సిగ్గు విడిచి మాట్లాడడం, డబ్బు వెదజల్లడం, ఇంట్లోవాళ్ళ బాధ పట్టించుకోకపోవడం మొదలుపెడితే దాన్ని వ్యక్తిత్వ రుగ్మత అనుకోవద్దు. అది మెదడు ముందు భాగాన్ని దెబ్బతీసే డిమెన్షియా కావచ్చు, గుర్తించని పక్షవాతం కావచ్చు, థైరాయిడ్ కావచ్చు. వెంటనే నరాల వైద్యుడికి చూపించాలి.

మరో చివరన పదిహేనేళ్ళ పిల్లలున్నారు. పద్దెనిమిది నిండకుండా వ్యక్తిత్వ రుగ్మత అన్న పేరు పెట్టకూడదని చాలామంది వైద్యులు వెనకాడతారు, ముద్ర పడిపోతుందన్న దయతోనే. సంఘవిద్రోహ స్వభావపు రుగ్మత ఒక్కదాన్ని పద్దెనిమిదికి ముందు నిర్ధారించకూడదన్నది నియమం. మిగతావాటికి, లక్షణాలు ఏడాదిపాటు ఉంటే చాలు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పదిహేను నుంచి పాతికేళ్ళ లోపు వారికోసమే ప్రత్యేకంగా ఒక క్లినిక్ ఇరవై ఏళ్ళకు పైగా నడుస్తోంది. జీవితాంతం పోదన్న నమ్మకం ఉన్నచోట పిల్లలకు ఆ పేరు చెప్పడం క్రూరత్వమే. తగ్గుతుందని తెలిసినచోట పేరు చెప్పకుండా నాలుగైదేళ్ళు పోగొట్టడమే క్రూరత్వం. ఆ నాలుగైదేళ్ళలోనే చదువు ఆగుతుంది, స్నేహాలు తెగుతాయి. మాంట్రియల్ అధ్యయనంలో ఆత్మహత్యలు సగటున జరిగింది ముప్ఫై ఏడేళ్ళ వయసులో. ఎన్నో చికిత్సలు విఫలమై, బంధాలన్నీ తెగి, ఇక తగ్గదని నమ్మాక జరిగినవవి. తగ్గదన్న మాటకు నేను ఇంతగా భయపడేది అందుకే.

మన ఇళ్ళల్లో ఈ విషయానికి వాడే మందు ఇంకొకటుంది, పెళ్ళి. "మూడు ముళ్ళు పడితే అదే కుదురుకుంటుంది" అని మా మేనత్తలు అమ్మను ఒప్పించారు. 2000లో చెల్లెలికి పెళ్ళయింది, పద్నాలుగు నెలల్లో తిరిగొచ్చింది. ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు, అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఈ రుగ్మతలో అన్నిటికంటే సున్నితమైన చోటు దగ్గరి బంధం. ఆ చోటనే కొత్త మనిషిని, కొత్త ఊరిని, అత్తవారి ఆరళ్ళను ఒకేసారి పెట్టడం కాలిన చేతిమీద వేడినీళ్ళు పోయడమే. ముప్ఫై ఐదు దాటాక, తనంతట తాను నిర్ణయించుకుని పెళ్ళి చేసుకుని సుఖంగా ఉన్నవాళ్ళను కూడా నేను చూశాను. వయసు చేసే పనిని తాళి చేత చేయించాలనుకోవడం వల్ల రెండు జీవితాలు నలిగాయి, వాటిలో ఒకటి మా ఇంటిది కాదు గనుక దాని సంగతి మాకు తెలియను కూడా తెలియదు.

ఈ రుగ్మతలు అరుదైనవేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 13 దేశాలలో జరిగిన సర్వేలో పెద్దవాళ్ళలో నూటికి ఆరుగురికి ఏదో ఒక వ్యక్తిత్వ రుగ్మత ఉన్నట్టు తేలింది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మన దేశంలో 1996లో మొదలైంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్సను హక్కు చేసింది, ఆస్పత్రి పడకలతో పాటు హాఫ్‌వే హోములు (ఆస్పత్రికీ ఇంటికీ మధ్య కొంతకాలం ఉండే వసతి), ఇంటి దగ్గరే పునరావాస సేవలు కూడా ప్రభుత్వం కల్పించాలని రాసింది. అదే చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. అయినా అర్ధరాత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్తే "మళ్ళీ వచ్చావా" అన్న పలకరింపు ఇప్పటికీ వినబడుతుంది. అక్కడ కుట్లు వేసే చేతులకు, ఈ పిల్ల పదేళ్ళ తర్వాత ఇక్కడికి రాదని, అందాకా ప్రాణంతో ఉంచడమే తమ పని అని తెలిస్తే ఆ పలకరింపు మారుతుందని నా నమ్మకం. హైదరాబాదు, విశాఖ, విజయవాడలలో దొరికే మాటల చికిత్స జిల్లా కేంద్రం ఆస్పత్రిలో, తెలుగులో, వారానికి ఒక్కరోజైనా దొరకాలి. అక్కడే కుట్టుపనో, టైపింగో, నర్సరీ మొక్కల పనో నేర్పే ఒక గది ఉండాలి. నేను అడుగుతున్నవి చట్టంలో ఇప్పటికే ఉన్నవే.

మీ పత్రికను కోరేది ఒకటే. ఆ వ్యాసం వచ్చిన పేజీలోనే, అదే సైజు అక్షరాలతో ఈ సవరణ వేయండి. వ్యక్తిత్వ రుగ్మతలు కాలంతో మారతాయి, చాలామందిలో తగ్గుతాయి, కొందరిలో ముదురుతాయి, కొందరికి మలివయసులో బయటపడతాయి, ఏ వయసులోనైనా సాయం పనిచేస్తుంది. దాని పక్కనే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ సేవ నంబరు 14416 వేయండి. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ఈ ప్రభుత్వ సేవకు ఫోను చేయడానికి డబ్బు కట్టక్కరలేదు, ఏ వేళనైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. మా అమ్మ గుర్తులు పెట్టిన కాలెండర్లలో 1998 నాటిదీ 2015 నాటిదీ పక్కపక్కన పెట్టి తీసిన ఫోటో ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. చెల్లెలు దానికి కూడా ఒప్పుకుంది, తేదీలు కనిపించేలా వేయమని చెప్పింది.

ఇట్లు
భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
తూర్పు గోదావరి జిల్లా